పాస్తాకు ఇటలీ మాంసపు సాస్: వేటమాంసం కీమాతో ఇంట్లో చేసుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లకు ఆదివారపు వేటమాంసం ఎంత పాతదో చెప్పనక్కరలేదు. పాస్తా పొట్లం తెచ్చి పిల్లలకు ఉడికించి పెట్టడమూ ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఈ రెంటినీ కలపాలనుకున్నప్పుడు మాత్రం చాలామంది చేసేది, అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసిన కీమా కూరను తెచ్చి పాస్తా మీద పోయడమే. అది తినడానికి బాగుంటే బాగుండవచ్చు గాని, ఇటలీవారు రగూ అని పిలిచే మాంసపు సాస్ అది కాదు. రగూలో మసాలా దాదాపుగా ఉండదు. దాని రుచి అంతా, మాంసంలోని నీరు పూర్తిగా ఇగిరి అది ఎర్రగా వేగడం వల్లనూ, ఆ తరువాత రెండు మూడు గంటలపాటు చాలా సన్నని సెగ మీద మగ్గడం వల్లనూ వస్తుంది. ఒడియా ఇళ్లలో మాంస కసా వండే తీరు తెలిసినవారికి ఈ ఓపిక కొత్త కాదు. కొత్తదల్లా పోపుల పెట్టె జోలికి పోకుండా చేతిని ఆపుకోవడమే.

రగూకు ఇటలీలో ఊరికొక పద్ధతి ఉంది. నేపుల్స్‌లో మాంసాన్ని కీమా కొట్టరు, పెద్ద ముక్కలుగానే టమాటాలో గంటల తరబడి మగ్గనిస్తారు. ప్రపంచమంతటా పేరు పొందిన బొలోన్యా పద్ధతిలో మాంసాన్ని ముతకగా దంచి వాడతారు, టమాటా తక్కువగా వేస్తారు. ఇటలీ వంటల అకాడమీ ఈ బొలోన్యా పద్ధతిని 1982 అక్టోబరులో ఆ నగరపు వాణిజ్య మండలిలో నమోదు చేయించింది, 2023 ఏప్రిల్‌లో దాన్ని సవరించి మళ్లీ నమోదు చేసింది. సవరించిన పాఠంలో 400 గ్రాముల ముతక గొడ్డుమాంసం, 150 గ్రాముల పంది పొట్టభాగపు మాంసం, ఒక్కొక్కటి సుమారు 60 గ్రాముల చొప్పున ఉల్లి, క్యారట్, సెలరీ, ఒక గ్లాసు వైన్, 200 గ్రాముల టమాటా గుజ్జు, ఒక చెంచా చిక్కని టమాటా పేస్టు ఉన్నాయి. పాలు ఇష్టమైతే పోయవచ్చు. వెల్లుల్లి మాత్రం అందులో ఎక్కడా లేదు.

మన ప్రాంతంలో దీన్ని మేకమాంసంతో చేయడమే అన్ని విధాలా సులువు. ఇందుకు సంకోచించవలసిన పని లేదు, ఎందుకంటే ఇటలీలోనే అబ్రుజ్జో వంటి కొండ ప్రాంతాల్లో గొర్రెమాంసపు రగూ తరతరాలుగా ఉంది. అయితే మేకమాంసంలో కొవ్వు తక్కువ. ఉత్త ఎర్రమాంసంతో చేస్తే సాస్ పొడిపొడిగా, రవ్వ నమిలినట్టుగా తయారవుతుంది. అందుచేత దుకాణంలో ఖాసీ మాంసం అడిగి తీసుకోవాలి. వృషణాలు తీసి పెంచిన ఆ మగమేకకు కొవ్వు బాగా పడుతుంది, వాసన తక్కువగా ఉంటుంది. జబ్బ, మెడ భాగాలు తొడకంటె మేలు, వాటిలో నరాలూ పొరలూ ఎక్కువగా ఉండి నెమ్మదిగా ఉడికే కొద్దీ కరిగి, పిండి ఏదీ కలపకుండానే సాస్‌కు చిక్కదనం ఇస్తాయి. ఆరుగురికి చాలే సాస్‌కు 400 గ్రాముల మాంసం, 100 గ్రాముల కొవ్వు కలిపి కొట్టించాలి. మెషిన్‌లో రెండు సార్లు వేసిన మెత్తని కీమా కాక, మొద్దు మీద కత్తితో కొట్టిన కందిగింజంత ముతక కీమా కావాలి. రద్దీగా ఉన్న రోజున ఏ దుకాణదారుడూ ఈ పని శ్రద్ధగా చేయడు. కార్తీకమంతా, కనీసం చివరి అయిదు రోజుల పంచుక నాళ్లయినా నీచు ముట్టని ఊరు, పున్నమి మరునాడు ఛాడఖాయి పేరుతో మాంసం దుకాణాల ముందు బారులు తీరుతుంది. ఆ ఉదయం ఇలాంటి కోరిక కోరకపోవడమే మంచిది.

ఇక్కడ మన అలవాటు ఒకదాన్ని మార్చుకోక తప్పదు. కీమాను ఇంటికి తెచ్చాక రెండు మూడు నీళ్లలో కడగడం మనకు ఆనవాయితీ. అలా కడిగిన కీమా గింజ గింజకూ నీటిని పట్టి ఉంచుకుంటుంది, ఎంత మంట పెట్టినా వేగక ఉడికిపోతుంది. కడగాలనుకుంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగి, శుభ్రమైన పొడి గుడ్డతో గట్టిగా ఒత్తి తుడిచి, ఆ తరువాత ఇంట్లోనే బరువైన కత్తితో తరుక్కోవాలి. అర కిలో మాంసానికి ఇది పావుగంట పని. తరిగేటప్పుడే తెల్లని గట్టి పొరలనూ, కొవ్వు మధ్యలో కనిపించే బూడిదరంగు గ్రంథులనూ ఏరి పారేస్తే నీచు వాసనలో సగం అక్కడే పోతుంది. దుకాణంలో ఎముకలు కూడా అడిగి తెచ్చుకుని, వాటిని ఒక ఉల్లిపాయ, నాలుగు మిరియాలు, లీటరున్నర నీళ్లతో కుక్కర్‌లో అరగంట ఉడికించి వడకట్టి పెట్టుకుంటే, సాస్‌లో పోయవలసిన రసం సిద్ధమవుతుంది. ఈ పనిలో కుక్కర్‌కు పని పడేది ఇక్కడ ఒక్కచోటే.

నూనె విషయంలో ఒక మాట. ఒడిశాలో మాంసానికి ఆవనూనె వాడడం మామూలు, దాని ఘాటు ఆ కూరలకు అందం కూడా. కాని ఆ ఘాటు రగూలో పడితే తక్కినదేదీ నోటికి తెలియదు. పప్పునూనె కూడా వద్దు. ఆలివ్ నూనె ఉంటే రెండు పెద్ద చెంచాలు, లేకపోతే వాసన లేని వేరుశనగ లేదా పొద్దుతిరుగుడు నూనె రెండు చెంచాలు, దానికి తోడు ఉప్పు లేని వెన్న 25 గ్రాములు సరిపోతాయి.

పాత్ర సంగతి ఇంతకంటె ముఖ్యం. ఈ వంటకు రెండు పాత్రలు కావాలి. మాంసం వేగడానికి వెడల్పైన ఇనుప మూకుడుకు మించినది లేదు, ఎందుకంటే అది వేడిని పట్టి ఉంచుతుంది, కీమా వేసిన వెంటనే చల్లబడిపోదు. కాని అదే మూకుడులో టమాటా పోసి గంటల తరబడి ఉడికిస్తే పులుపు ఇనుముతో కలిసి సాస్ నల్లబడి, నాలుకకు ఇనుప రుచి తగులుతుంది. కాబట్టి మగ్గబెట్టడానికి వేరే గిన్నె ఉండాలి. బొలోన్యాలో పాతకాలం నుంచి ఇందుకు మట్టిపాత్రనే వాడుతున్నారు. మన దగ్గర కుమ్మరి చేసిన మట్టి దాక ఆ పనికి చక్కగా సరిపోతుంది, మట్టికుండలో మాంసం వండే ఒడిశాలో అది దొరకడమూ కష్టం కాదు. కొత్త దాకను ముందు రోజంతా నీళ్లలో నానబెట్టాలి, మొదటిసారి వాడకముందు గంజి కాచి పారబోయాలి, గ్యాస్ పొయ్యి మీద పెట్టేటప్పుడు కింద ఒక పెనం ఉంచాలి. దాక లేనివారు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడవచ్చు. పలుచని సత్తు గిన్నెలో మాత్రం అడుగంటకుండా ఈ సాస్ చేయడం ఎవరి తరమూ కాదు.

ముందుగా కూరగాయలు. ఒక మధ్యరకం ఉల్లిపాయ, ఒక క్యారట్, ఒక సెలరీ కాడ తీసుకుని, మూడింటినీ మినప్పప్పు బద్దంత సన్నగా తరగాలి. మిక్సీలో తిప్పితే నీరు ఊరి ముద్ద అవుతుంది, వద్దు. సెలరీ మన చిన్న ఊళ్ల సంతల్లో దొరకదు. భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో వెళ్లినప్పుడు ఒక కట్ట తెచ్చి, సన్నగా తరిగి, ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలల తరబడి పనికి వస్తుంది, ఎలాగూ ఉడికిపోయేదే కాబట్టి కరకరలాడకపోయినా నష్టం లేదు. దొరకనప్పుడు దాని బదులు వాము ఆకో కొత్తిమీర కాడలో వేయాలని మనసు పోతుంది. వాము ఆకు తక్కినవాటన్నిటినీ మింగేస్తుంది, కొత్తిమీర వాసన తగిలిందంటే అది మళ్లీ మన కూరే అవుతుంది. సెలరీ లేకపోతే క్యారట్ మరికాస్త పెంచి ఊరుకోవడమే నయం. బిర్యానీ ఆకు కూడా ఇలాంటిదే: ఇటలీవారు వేసే లారెల్ ఆకు వేరే చెట్టుది, మన ఆకులో దాల్చినచెక్క వాసన ఉంటుంది.

దాకలో నూనె, వెన్న వేసి, వేడెక్కాక తరిగిన కూరగాయలు, చిటికెడు ఉప్పు వేసి, సన్నని సెగ మీద కదుపుతూ ఉండాలి. ఉల్లిపాయలు ఎర్రగా వేయించడం మనకు అలవాటు గాని ఇక్కడ ఎర్రబడకూడదు. ఇరవై నిమిషాల దాకా నెమ్మదిగా మగ్గి, ఉల్లి గాజులా మారి, క్యారట్ రంగు నూనెలోకి దిగి, గరిటెతో నొక్కితే మెదిగేటట్టు ఉండాలి. రుచి తీపి మీద ఉంటుంది. టమాటా పులుపుకు ఆ తీపే విరుగుడు, అందుకే ఈ సాస్‌లో పంచదార వేయనవసరం రాదు. మేకమాంసం వాసన గురించి బెంగ ఉన్నవారు, చితక్కొట్టిన ఒకే ఒక వెల్లుల్లి రెబ్బను మొదట నూనెలో వేసి, రంగు మారగానే తీసి పారేయవచ్చు. ఎండు రోజ్‌మేరీ దొరికితే చిటికెడు వేయడం ఇంకా మంచిది, గొర్రెమాంసానికి ఇటలీవారు వాడే ఆకు అదే.

కూరగాయలు మగ్గుతుండగా పక్క పొయ్యి మీద ఇనుప మూకుడు బాగా కాలనివ్వాలి. ముందు తరిగిన కొవ్వు వేసి కరగనిచ్చి, పైన కీమాలో సగం మాత్రమే వేయాలి. మొత్తం ఒక్కసారి వేస్తే మూకుడు చల్లబడుతుంది, మాంసం నీరు వదులుతుంది, ఆ నీరు ఉన్నంతసేపూ మూకుడులోని వేడి 100 డిగ్రీలు దాటదు; మాంసం ఎర్రబడి, కమ్మని వాసన రావడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. వేసిన కీమాను పలచగా పరిచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఇక్కడ కంటికంటె చెవి ఎక్కువ ఉపయోగపడుతుంది. మొదట నీరు మరుగుతున్న సలసల చప్పుడు వినిపిస్తుంది, ఆవిరి దట్టంగా లేస్తుంది. కాసేపటికి ఆవిరి పలుచబడి చప్పుడు తగ్గుతుంది, ఆ వెంటనే కొవ్వులో మాంసం చిటపటలాడడం మొదలవుతుంది. ఆ చిటపట మొదలైన తరువాతే అసలు వేపుడు. అప్పుడు అట్లకాడతో అడుగు నుంచి గీకి తిరగేస్తే కింది వైపు ముదురు గోధుమరంగు పట్టి కనిపిస్తుంది. గడ్డలను విడదీస్తూ మరో నాలుగైదు నిమిషాలు వేయించి, దాకలోని కూరగాయల మీదికి వంపి, మిగిలిన సగాన్నీ ఇలాగే వేయించాలి. మూకుడు అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను కడిగి పారబోయకూడదు. మూకుడు వేడిగా ఉండగానే గరిటెడు ఎముకల రసం పోసి గీకితే ఆ పొర కరిగి వస్తుంది, దాన్ని కూడా దాకలోనే పోయాలి.

ఇప్పుడు ముప్పావు గ్లాసు చిక్కని పాలు గోరువెచ్చగా చేసి మాంసం మీద పోసి, అవి పూర్తిగా ఇగిరిపోయేదాకా కలపాలి. మాంసంలో పాలు పోయడం మన ఇళ్లలో కొందరికి రుచించని ఆలోచన. పెద్దలకు అభ్యంతరం ఉంటే మానేయవచ్చు, నమోదైన పద్ధతిలోనే అది ఐచ్ఛికం. కాని పాలు పోసిన మాంసం మెత్తగా ఉంటుందని, పులుపు తగ్గుతుందని మాత్రం చెప్పక తప్పదు. టమాటా పడిన తరువాత పోస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి ముందే పోసి ఇగరబెట్టాలి. ఇదే సమయంలో జాజికాయను రెండుసార్లు గరగరా తురిమి వేయవచ్చు. ఈ సాస్‌కు మన పోపుల పెట్టెలో నుంచి మిరియాల తరువాత చెల్లే దినుసు ఇదొక్కటే. పాలు ఇగిరాక, వైన్ వాడేవారు అర గ్లాసు తీపి లేని వైన్ పోసి దాని ఘాటు వాసన పోయేదాకా పెద్ద సెగ మీద ఉడికించాలి. వాడనివారు దాని బదులు మరొక గరిటెడు ఎముకల రసం పోస్తే చాలు. వైన్ లేదని వెనిగర్ పోయడం మాత్రం తప్పు, ఆ పులుపు చివరిదాకా విడవదు.

టమాటా దగ్గర జాగ్రత్త పడాలి. మన సంతల్లో దొరికే నాటు టమాటాలో రుచి ఉంటుంది గాని పులుపూ గింజలూ ఎక్కువ, గుండ్రని హైబ్రిడ్ టమాటాలో నీరే ఎక్కువ. చలికాలంలో దొరికే, బాగా ఎర్రగా పండిన, కోలగా ఉండే టమాటాలు అయిదు వందల గ్రాములు తీసుకుని, అడుగున గాటు పెట్టి, మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తీస్తే తొక్క ఊడివస్తుంది. సగానికి కోసి గింజలు పిండేసి, కండను చేత్తో చిదిమి పెట్టుకోవాలి. సీజన్ కానప్పుడు పుల్లని పచ్చి టమాటాలతో కుస్తీ పట్టడం కంటె, ఉప్పు తప్ప మరేమీ కలపని పొట్లంలోని టమాటా గుజ్జు 200 గ్రాములు వాడడం మేలు. కెచప్ ఎంత మాత్రం వద్దు. టమాటాతో పాటు ఒక పెద్ద చెంచా టమాటా పేస్టు వేసి, చిన్న చెంచాలో ముప్పావు వంతు ఉప్పు, మిరియాల పొడి చేర్చి, మాంసం మునిగేటంత ఎముకల రసం పోయాలి. చివరికి ఇది చాలావరకు ఇగురుతుంది, ఉప్పు చిక్కబడుతుంది, కాబట్టి ఇప్పుడే రుచికి సరిపెట్టకూడదు.

ఇక మిగిలింది కాలం. దాక కింద పెనం పెట్టి, చిన్న బర్నర్ మీద, అన్నిటికన్న సన్నని సెగ ఉంచి, మూత కొంచెం తెరిచి పెట్టాలి. సాస్ మరగకూడదు, పైన ఒక మూల ఒక బుడగ లేచి పగిలి, కాసేపటికి మరో మూల ఇంకొకటి లేవాలి. రెండు గంటలు తక్కువలో తక్కువ, మేకమాంసానికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. పదిహేను నిమిషాలకొకసారి అడుగంటకుండా కలుపుతూ, ఆరిపోతున్నట్టు కనిపిస్తే అర గరిటెడు వేడి రసం పోస్తూ ఉండాలి. కుక్కర్‌లో నాలుగు కూతలకు దించితే గ్యాస్ మిగులుతుంది కదా అని అడిగేవారు ఉంటారు. కుక్కర్‌లో మాంసం మెత్తబడుతుంది గాని నీరు ఇగరదు, రుచులు చిక్కబడవు. దించిన తరువాత మళ్లీ మూత తీసి ఇగరబెట్టేసరికి కీమా పిప్పి అవుతుంది. గ్యాస్ ఖర్చు గురించి ఆలోచించేవారు ఒకేసారి రెట్టింపు చేసుకోవచ్చు, మాంసం మాత్రం నాలుగు వాయిలుగా వేయించుకోవాలి.

సాస్ అయిందో లేదో తెలుసుకోవడానికి గరిటెతో దాక అడుగున ఒక గీత గీయాలి. నీరుగా ఉంటే గీత వెంటనే మూసుకుపోతుంది. తయారైతే గీత రెండు మూడు క్షణాలు తెరుచుకునే ఉండి, దాని అంచుల నుంచి నారింజరంగు నూనె మెల్లగా ఊరి లోపలికి జారుతుంది. అప్పుడు కారం, పులుపు దేనిదీ పైచేయి కాకుండా, మాంసపు కమ్మదనమే ముందు తెలియాలి. ఉప్పు సరిచూసి దించి, కనీసం అరగంట కదపకుండా వదిలేయాలి.

బొలోన్యాలో ఈ సాస్‌ను స్పగెట్టితో తినరు. గుడ్డుతో కలిపిన పిండిని పట్టీలుగా కోసిన టాలియటెల్లెతో తింటారు. సన్నని నున్నని స్పగెట్టి మీద కీమా నిలవక పళ్లెం అడుగుకు చేరుతుంది. టాలియటెల్లె మన చపాతీ పీట మీదనే చేసుకోవచ్చు: మనిషికి 100 గ్రాముల మైదా, ఒక గుడ్డు చొప్పున తీసుకుని, నీరు పోయకుండా పది నిమిషాలు గట్టిగా పిసికి, అరగంట తడిగుడ్డ కప్పి ఉంచి, వెలుగు కనిపించేటంత పలచగా వత్తి, పొడిపిండి చల్లి చుట్టి, చిటికెన వేలి గోరంత వెడల్పున కోయాలి. అంత శ్రమ వద్దనుకుంటే కొన్న పాస్తాలో పెన్నె, రిగటోని వంటి గొట్టాలు మంచివి, కీమా లోపలికి దూరుతుంది. పొట్లం మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉన్నదే తీసుకోవాలి, మైదాతో చేసినది నీళ్లలో చిట్లిపోతుంది.

పాస్తా 100 గ్రాములకు లీటరు నీళ్లు, లీటరుకు పది గ్రాముల ఉప్పు చొప్పున మరిగించి వేయాలి. నూనె వేయకూడదు, ఉడికాక చన్నీళ్లతో కడగకూడదు. ఆ రెండు పనుల వల్ల సాస్ పట్టుకోదు. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాలు ముందే, నడుమ కాస్త పలుకు ఉండగానే తీసి, వెడల్పాటి మూకుడులో వేడి సాస్‌లో వేసి, ఉడికిన నీరు ఒక గరిటెడు, వెన్న ఒక చెంచా కలిపి, పెద్ద సెగ మీద నిమిషం పాటు ఎగరేయాలి. మనిషికి మూడు పెద్ద చెంచాల సాస్ చాలు. అన్నంలో కూర కలిపినంత ధారాళంగా పోస్తే పాస్తా రుచి తెలియదు. పైన పర్మెజాన్ తురుము చల్లుతారు. కనీసం పన్నెండు నెలలు నిలవ ఉంచి చేసే ఆ చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, అభ్యంతరం ఉన్నవారు పొట్లం మీద శాకాహార రెన్నెట్ అని రాసి ఉన్న గట్టి చీజ్ చూసుకోవాలి. అదీ దొరకకపోతే ఏమీ చల్లకుండా తినడం, పొరలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్ వేయడం కంటె ఉత్తమం. మేక కొవ్వు త్వరగా పేరుకుని అంగిలికి అంటుకుంటుంది కాబట్టి, పళ్లేలను వేడినీళ్లతో కడిగి తుడిచి వడ్డించాలి.

మిగిలిన సాస్ మరునాటికి ఇంకా బాగుంటుంది. మన కోస్తా ఉక్కలో దాన్ని దాకలోనే వదిలేయకుండా, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, చిన్న డబ్బాల్లో సర్ది గడ్డకట్టిస్తే మూడు నెలలు నిలుస్తుంది. వాడుకునే ముందు రాత్రి డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి దించి, పొద్దున రెండు చెంచాల నీళ్లు కలిపి సన్నని సెగ మీద బాగా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.